వాసన పోయిందా, వదినా?

ముందే మన్నించమని అడుగుతున్నాను. నా రాతలో ఒత్తులు ఒకచోట ఉండాల్సినవి ఇంకోచోట ఉంటాయి, దీర్ఘాలు కొన్ని దారిలో రాలిపోతాయి. అక్షరాలు నాకు జుట్టు నెరిశాక వచ్చాయి. అందుకే ఇప్పటికీ నా దగ్గర ముక్కూ మొహం తెలియని ఇంటికొచ్చిన చుట్టాల్లా బెరుగ్గా కూర్చుంటాయి. ఒక్క మధ్యాహ్నం గురించి రాయడానికి నాకు ఈ చలికాలమంతా పట్టింది. ఆ మధ్యాహ్నం మాత్రం నా కోసం ఆగలేదు.

అద్దాలి, రుద్దకూడదు. అద్దాలి, రుద్దకూడదు. మోకాళ్ళ మీద ఉన్నాను. అరచేతుల కింద తువ్వాలు, తువ్వాలు కింద తివాచీ, తివాచీ కింద చెక్క నేల, ఆ నేల పగుళ్ళలోకి ఏమాత్రం దిగిందో ఆ దేవుడికే తెలియాలి. రుద్దితే మరక లోపలికి పోతుంది, పోగు చిట్లుతుంది, ఆయన ఈ మాట ఎన్నిసార్లు చెప్పారో, నా చేతులకు అది ఊపిరిలాగా అలవాటైపోయింది, అయినా ఈవేళ చేతులు మాట వినడం లేదు, రుద్దాలనీ గీకాలనీ చూస్తున్నాయి. కిటికీ పక్కన కుర్చీలో వదిన కూర్చుంది. ఒళ్ళు తుడిచి పొడి బట్టలు వేశాను. ఏమీ ఎరగనట్టు బయటికి చూస్తోంది. నిజంగానే ఏమీ ఎరగదు. భోజనం చేసి లేచింది, తివాచీ మధ్యదాకా నడిచింది, ఏదో పని గుర్తొచ్చిన మనిషిలా అక్కడ ఆగింది, నిలబడే పోసేసింది. నేను గిన్నెలు కడుగుతూ వెనక్కి తిరిగేసరికి అయిపోయింది. అప్పటికీ ఆవిడ మొహంలో అదే ఠీవి, బళ్ళో పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్నప్పటి ఠీవి. "నేల తడిగా ఉందేమే? సరిగ్గా తుడవడం చేతకాదా?" అంది నన్నే. టీ వేళకి వాళ్ళబ్బాయి వస్తాడు.

వాడు నా మేనల్లుడు, మా ఆయనకు అక్క కొడుకు. చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే తిట్టుకునైనా బతికేదాన్ని. పోయినసారి వచ్చినప్పుడు గుమ్మంలోనే ఆగిపోయి, జేబురుమాలు తీసి, మళ్ళీ సిగ్గుపడి లోపల పెట్టేసుకుని, "అత్తయ్యా, ఈ వాసన మీకు తెలియట్లేదా?" అన్నాడు. నాకు ఏ వాసనా తెలియదని వాడికి తెలుసు, చిన్నప్పుడు అదొక ఆట వాడికి, కుళ్ళిన కోడిగుడ్డు తెచ్చి నా ముక్కు కింద పెట్టి నవ్వేవాడు. ఇప్పుడు నవ్వలేదు. తల్లి ఎదురుగానే, నెమ్మదిగా, ఆసుపత్రి వెనక వృద్ధులని చూసుకునే ఇల్లు ఒకటుందనీ, అక్కడ నర్సులుంటారనీ, మాట్లాడి పెట్టాననీ చెప్పాడు. ఈసారి వచ్చినప్పుడు కూడా ఇలాగే ఉంటే అమ్మని తీసుకెళ్ళిపోతాను అత్తయ్యా, మీరు ఒక్కరూ ఎంతకని చేస్తారు అన్నాడు. ఆ చివరి మాట ప్రేమతో అన్నాడు. ఆ ప్రేమకి నేనేం జవాబు చెప్పను? ఆవిడ పోతే ఈ గదిలో నన్ను తిట్టే మనిషి ఉండదు అని చెప్పనా? తెల్లారి లేవగానే "ఇంకా బతికే ఉన్నావుటే" అని అడిగే గొంతు ఉండదని చెప్పనా? ఆవిడ మతి పోతోంది, నిజమే. కానీ ఈ గదిలో కుర్చీ ఎక్కడుందో ఆవిడ కాళ్ళకి తెలుసు, కిటికీ ఎటుందో మెడకి తెలుసు. వేరే చోటికి తీసుకెళ్ళి పడేస్తే ఆ కాళ్ళూ మెడా కూడా మరిచిపోతాయి. అప్పుడిక ఆవిడ అని చెప్పుకోడానికి ఏం మిగులుతుంది?

అద్దాలి. ఈ తువ్వాలు నిండిపోయింది, ఇంకోటి. పసుపుపచ్చ రంగు ఇంకా ఎక్కుతూనే ఉంది. పసుపు కనబడుతుంది, వాసన కనబడదు, అదే కదా నా ఖర్మ. రంగు పోయాక వాసన పోయినట్టా? కాదు. ఆయన చెప్పేవారు, కంటికి శుభ్రమైన తివాచీ సగమే శుభ్రం, మిగతా సగం ముక్కు చెప్పాలి అని. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో, కింద మా తివాచీలు ఉతికే దుకాణం వెనక సామాను గదిలో, తలుపు గాలికి మూసుకుపోయి ఉండగా అమ్మోనియా డబ్బా నా చేతిలోంచి జారి పగిలింది. గడియ లోపలి నుంచి రాలేదు. ఆయన తలుపు విరగ్గొట్టి లాగేదాకా ఆ గాలే పీల్చాను. ఊపిరి తిరిగొచ్చింది, చూపు తిరిగొచ్చింది, ముక్కు మాత్రం రాలేదు. పూలు, పొగ, చంటిపిల్లల తల, ఆయన మెడ, అన్నీ ఒక్కసారే గోడ అవతలికి వెళ్ళిపోయాయి. నేను ఏడుస్తుంటే ఆయన అన్నారు, "పోతే పోయిందిలే. ఈ కొట్టుకి ఒక్క ముక్కు చాలు. అది నాకుంది. చేతులు నీకున్నాయి."

అలాగే బతికాం. నేను ఉతికేదాన్ని, ఆయన వాసన చూసేవారు. దులపడం, నానబెట్టడం, నీళ్ళు పిండడం, బ్రష్షుతో నూగు దువ్వడం, అన్నీ నావి. చివర్న ఆయన వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, ముక్కు తివాచీలో పెట్టేవారు. చూసేవాళ్ళకి ఆయన తివాచీకి మొక్కుతున్నట్టుండేది. కాసేపు అలాగే ఉండి, తలెత్తి, "అయ్యింది" అనేవారు. లేకపోతే "ఇంకో నీళ్ళు" అనేవారు. ఆ రెండు మాటల మధ్య నా బతుకంతా గడిచింది. పిల్లి ఏ మూల పోసిందో చెప్పేవారు, పాలు ఒలికాయో పులుసు ఒలికిందో చెప్పేవారు. ఒకసారి ఎవరిదో తివాచీ వాసన చూసి, "ఈ ఇంట్లో ఎవరో చాన్నాళ్ళ నుంచి మంచంలో ఉన్నారు, వీళ్ళదే ముందు ఇచ్చేద్దాం" అన్నారు. వీధిలో వాళ్ళు మమ్మల్ని ఆట పట్టించేవారు, మొగుడూ పెళ్ళాలకి కలిపి ఒక్కటే ముక్కట అని. ఆ ముక్కు మట్టిలో కలిసిపోయింది. చేతులు మిగిలాయి. ఇవిగో, తివాచీ మీద ఉన్నాయి. తమకి తామే ఏమీ చెప్పుకోలేని చేతులు.

"ఏమే, ఏం పోశావే? చంపుతావా నన్ను?" అంటోంది వదిన. ఇదీ రోజూ అనే మాటే, కాఫీ ఇచ్చినా అంటుంది, నీళ్ళిచ్చినా అంటుంది. పట్టించుకోలేదు. ఇప్పుడేగా సీసా తీశాను, వెనిగర్ అని రాసుంది, చదువుకునే తీశాను, నీళ్ళలో కలిపాను, మరక మీద ధారగా పోశాను. వెనిగర్ అయితే మూత్రాన్ని విరిచేస్తుంది, రంగుని కట్టేస్తుంది. ఇంకేం కావాలి? ఈ సీసాల మీద రాసినవి చదవడం కోసమే కదా నేను చదువు నేర్చుకున్నది. ఆయన పోయిన తరవాత సామాను గదిలోకి వెళ్ళి నిలబడితే, వెనిగరూ అమ్మోనియా ఉన్న రెండు డబ్బాలు, రెండూ నీళ్ళలాగే ఉన్నాయి. ఆయన మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని ఏది ఏదో చెప్పేవారు. నేను మూత తీశాను, ముక్కు దగ్గర పెట్టుకున్నాను, రెండూ ఒకటే, రెండూ ఏమీ కావు. వెనకాల వదిన నిలబడి ఉంది. అప్పటికే ఆవిడా ఒంటరిదై, ఒక పెట్టె పట్టుకుని తమ్ముడింటికి వచ్చేసి చాలా ఏళ్ళు. "చదువు రాకపోతే ముక్కైనా ఉండాలి, ముక్కు లేకపోతే చదువైనా ఉండాలి. రెండూ లేకుండా ఎలా పుట్టావే ముక్కిడిదానా? రా, కూర్చో ఇలా" అంది.

ఇదే తివాచీ. దీని మీదే నేర్పింది. పలకా బలపం తెస్తే వీధిలో వాళ్ళు నవ్వుతారని నేను గునిశాను. ఆవిడ విసుక్కుని, వేలితో తివాచీ నూగుకి ఎదురుగా గీసింది. నూగు ఒక వైపుకి పడుకుని ఉంటుంది కదా, ఎదురు గీస్తే అక్కడ రంగు ముదురుగా లేస్తుంది, అక్షరం కనబడుతుంది. అరచేత్తో దువ్వితే మాయమవుతుంది. అంతకాలం అన్ని తివాచీలు ఉతికిన నాకు అది పలక అని తట్టలేదు. "అందరూ అమ్మతో మొదలుపెడతారు. నువ్వు అమ్మోనియాతో మొదలుపెట్టు, సగం దారిలో అమ్మ ఎలాగూ తగుల్తుంది" అంది. తప్పు రాస్తే వేళ్ళ మీద కొట్టేది, దువ్వెనతో, నిజంగానే. ఈ వయసులో దెబ్బలా అని నేనంటే, ఈ వయసులో తప్పులా అనేది. ఎంత తిట్టిందో అంత నేర్పింది. కొట్టు మూసేసి, వెనక పెరడు మోటారు సైకిళ్ళు బాగుచేసే అతనికి ఇచ్చేసి, ఇద్దరం ఈ పై గదిలోకి చేరాక కూడా పాఠాలు ఆగలేదు. రాత్రి ఆవిడ కాళ్ళు చల్లబడితే ఈ తివాచీ మీద పెట్టించి, నేను పాత కాగితాలు చదివి వినిపించేదాన్ని. ఒక్క దీర్ఘం మింగితే చాలు, కళ్ళు తెరిచేది.

కళ్ళు మండుతున్నాయి. ఏడుస్తున్నాననుకున్నాను. ఏడిస్తే ఏడవనీ, చేతులు ఆడుతున్నంతసేపూ ఏం పరవాలేదు. పైన వంటసోడా చల్లాను, వెనిగర్ మీద సోడా పడితే బుస్సున పొంగాలి, పొంగి లోపలి మురికిని పైకి తేవాలి. పొంగలేదు. ఇంకొంచెం చల్లాను. తెల్లగా, మూగగా, పడినది పడినట్టే ఉంది. కళ్ళు ఇంకా మండుతున్నాయి. గొంతు పట్టేస్తోంది. కుర్చీలో వదిన రెండు చేతులతో ముక్కు మూసుకుని ఉంది. అప్పుడు అర్థమైంది. సీసా ఎత్తి మళ్ళీ చూశాను. వెనిగర్. ముత్యాల్లాంటి అక్షరాలు. నా అక్షరాలు ముత్యాల్లా ఉండవు. ఈ చీటీ నేను అతికించింది కాదు. ఈమధ్య ఆవిడకి అదొక పని, మధ్యాహ్నం పూట చీటీలు ఊడబీకి, కొత్తవి రాసి, ఏ సీసా చేతికందితే దానికి అతికిస్తోంది, ఉప్పు డబ్బా మీద పంచదార అని ఉంటే నవ్వుకుని ఊరుకున్నాను. చేతులారా నేర్పిన మనిషే చేతులారా మార్చేసింది. కొరివితో తల గోక్కున్నట్టు, మూత్రం మీద అమ్మోనియా పోశాను. పిల్లి పోసినచోట అమ్మోనియా వాడితే పిల్లి మళ్ళీ అక్కడికే వస్తుంది, రెంటికీ వాసన అన్నదమ్ముల్లా ఉంటుంది అని ఆయన కొట్టు తెరిచిన రోజు నుంచీ చెప్పిన మాట. ఇప్పుడు ఈ గది ఎలా ఉందో, మెట్ల మీదికి ఎంత కంపు దిగిందో, నాకు తప్ప అందరికీ తెలుసు.

కిటికీ బార్లా తీశాను. తలుపు తీశాను. ఫ్యాను పెంచాను. టీ వేళ అంటే ఎప్పుడు, వాడు టీ తాగే వేళా, మనం పెట్టే వేళా? తివాచీ వైపు చూశాను. అంచున ఉన్న ఎర్ర పువ్వులు కరుగుతున్నాయి. ఊలుకి ఎక్కించిన ఎరుపు అమ్మోనియాకి ఆగదు, విడిచిపెడుతుంది, మీగడ రంగు నడిమి భాగంలోకి వేళ్ళు చాచుకుంటూ పాకుతోంది, దెబ్బ తగిలినచోట నెత్తురు పాకినట్టు. ఇది మాది కూడా కాదు. ఎవరో ఒక పెద్దమనిషి ఉతకమని ఇచ్చి మళ్ళీ రాలేదు. ఎప్పటికైనా వస్తారు, మనది కాదు, చుట్టి పైన పెట్టు అనేవారు ఆయన. ఆయన బతికున్నన్నాళ్ళూ అది చుట్టే ఉంది. వదినే పరిపించింది, "వాళ్ళొస్తే ఇచ్చేద్దాం, ఈలోపు దానికి కూడా కాస్త గాలి తగలనీ" అని. వాళ్ళొస్తే ఇప్పుడు ఏం చూపించను? వాళ్ళు రారు. వచ్చేది వాడు.

రెండో సీసా. అమ్మోనియా అని ఉంది, అంటే ఇది వెనిగర్ కావాలి, కావాలని ఎక్కడుంది, మతి తప్పిన చెయ్యి రెండింటి మీదా ఒకటే రాసి ఉండొచ్చు, ఇది మంచినీళ్ళు కూడా కావచ్చు. సాసర్‌లో కాస్త సోడా వేసి ఒక చుక్క పోశాను. బుస్సున పొంగింది. ఆ నురగ చూసి నవ్వొచ్చింది, ఒక్కదాన్నే నవ్వాను, వదిన కూడా నవ్వింది ఎందుకో తెలియకుండా. నీళ్ళు కలిపి పోశాను. ఇప్పుడు తివాచీ కూడా పొంగింది, కిందున్న సోడా అంతా బుసబుసలాడింది. అమ్మోనియా విరుగుతుంది, మూత్రం విరుగుతుంది, ఆ సంగతి నాకు తెలుసు. ఎరుపు కూడా ఎక్కడికి పాకిందో అక్కడే కట్టేసుకుంటుంది, అదీ తెలుసు. వెనిగర్ రంగుని పట్టి ఉంచుతుంది, తప్పు రంగునైనా సరే. ఆ గులాబీ మచ్చ ఇక పోదు. పోకపోతే పోనీ, మచ్చకి వాసన ఉండదు.

అద్దాలి. తువ్వాళ్ళు అయిపోయాయి. దుప్పటి అయిపోయింది. ఇంకో దుప్పటి. నా పాత స్వెట్టరు. ఇంకా తడి వస్తూనే ఉంది, నొక్కితే వేళ్ళ సందుల్లోంచి పైకి వస్తోంది. గోడకి ఆయన కోటు వేలాడుతోంది. నేను దాన్ని ఎందుకు ఉంచుకున్నానో ఎవరూ అడగరు, మిగతా వాళ్ళైతే వాసన కోసం ఉంచుకుంటారు. నాకు ఆకారం చాలు. భుజాల దగ్గర ఇంకా ఆయన భుజాలున్నాయి. వదిన మాత్రం అప్పుడప్పుడు వెళ్ళి అందులో మొహం పెట్టి నిలబడుతుంది, ఏం ఉందక్కడ వదినా అని అడిగితే, "నీకెందుకే" అంటుంది. కొక్కెం మీంచి తీశాను. తడి మీద బోర్లా పరిచాను. మన్నించండి అన్నాను పైకే. దాని మీద మోకాళ్ళు పెట్టి, ఒళ్ళంతా బరువు పెట్టి, వీపు మీద ఎక్కి తొక్కినట్టు తొక్కాను. పీల్చుకుంది. ఎప్పుడూ అంతే ఆయన, ఎంత తడైనా పీల్చుకునేవారు.

కోటు ఎత్తాను. చేత్తో తాకాను. తడి ఉంది, జిగట లేదు. పసుపు లేదు. ఇక వాసన. ఉందా, పోయిందా? వంగి ముక్కు పెట్టాను, వెర్రిదాన్ని, ఇన్నేళ్ళ తరవాత ఈ ఒక్కరోజుకి తిరిగొస్తుందేమోనని. ఊలు బుగ్గకి చల్లగా తగిలింది, అంతే. తలుపు దగ్గరికి పరుగెత్తి మెట్ల మీంచి కిందికి పిలిచాను. బళ్ళు బాగుచేసే అతను నల్లటి చేతులతో తలెత్తాడు.

"అబ్బాయ్, ఒక్కసారి పైకొచ్చి వాసన చూస్తావా?"

"ఏం వాసనమ్మా?"

"ఏదైనా. ఏదైనా వస్తోందేమో చెప్పు చాలు."

"పొద్దున్నుంచీ పెట్రోల్లో నానుతున్నానమ్మా, నా ఒళ్ళే నాకు వాసన రావట్లేదు" అని నవ్వాడు. తరవాత నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. "ఇందాక మాత్రం వచ్చింది. చాలా ఘాటుగా. ఇప్పుడేమో మరి…" చేతులు చూపించాడు.

ఇందాక వచ్చింది. ఇప్పుడేమో మరి. ఆ మరి అన్న మాట పట్టుకుని మెట్లెక్కాను. ఈ గదిలో ఉన్న ఒకే ఒక్క ముక్కు కుర్చీలో కూర్చుని ఉంది. పొద్దున చెంచా చూపించి దువ్వెన అంది. నిన్న నన్ను చూసి, వంటావిడ ఇవాళ కూడా ఆలస్యమే అంది. ఆ నోటిలోంచి వచ్చే జవాబుని పట్టుకుని నేనేం చేసుకోను? కానీ అబద్ధం చెప్పి ఎరగని నోరు అది. నేను మొదటిసారి రొట్టె కాల్చిన రోజున "తినొచ్చు, చావాలనుకుంటే" అంది. మతి పోయినా ముక్కు సూటితనం పోతుందా? చంకల కింద చేతులు పెట్టి లేపాను. నెమ్మదిగా, మోకాళ్ళ మీద కూర్చోబెట్టాను.

"వదినా, చూడండి. వాసన పోయిందా?"

నన్ను చూసింది, తివాచీని చూసింది. చెప్పిన మాట అర్థమైందో, లేక మోకాళ్ళకే గుర్తుందో, వంగింది. కళ్ళు మూసుకుంది. ముక్కు నూగులో పెట్టింది. ఆ ముక్కు ఆయన ముక్కే, కొస కాస్త కిందికి వంగి, ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉండి ఎప్పుడూ చూడలేదు నేను. ఎంతసేపో అలాగే ఉంది. ఫ్యాను తిరుగుతోంది. కింద ఎవరిదో బండి స్టార్టయి ఆగింది.

"ఏం వాసన వదినా?"

"తమ్ముడొచ్చాడు" అంది.

నాలో మిగిలినదేదో కూలిపోయింది. అయిపోయింది, ఇక ఈ ముక్కు కూడా లేదు అనుకున్నాను. ఆవిడ ఇంకా వంగే ఉంది. "కాళ్ళూ చేతులూ కడుక్కోకుండా భోజనానికి కూర్చున్నాడు. తడి గొర్రెలాగా, పులిసిన నీళ్ళలాగా. ఎన్నిసార్లు చెప్పినా వాడికి బుద్ధి రాదు" అంది. తల ఎత్తింది. "అయ్యింది" అంది.

తడి గొర్రె అంటే తడిసిన ఊలు. పులిసిన నీళ్ళు అంటే వెనిగర్. సాయంత్రాలు ఆయన కొట్టులోంచి పైకి వచ్చినప్పుడు ఆయన ఒంటి వాసన అదేనన్నమాట, ఇన్నేళ్ళూ నాకు గోడ అవతలే ఉండిపోయిన నా మొగుడి వాసన. ఆ రెండూ తప్ప ఇంకోటి లేదు. పోయింది. పోయింది వదినా. నేను ఆవిడ భుజం మీద తల పెట్టేశాను. "బరువు, లే" అంది.

మెట్ల మీద అడుగులు. ఆవిడని లేపి కుర్చీలో కూర్చోబెట్టేశాను. వాడు గుమ్మంలో ఆగాడు. ముక్కుపుటాలు కదిలాయి, నేను వాటినే చూస్తున్నాను, ఉరిశిక్ష చదివే నోటిని చూసినట్టు. "వెనిగరా?" అన్నాడు. "పరవాలేదత్తయ్యా. బాగుంది. కిటికీలు కూడా తీశారు." లోపలికొచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. గెలిచాననుకున్నాను. అంత చిన్న విషయానికి అంత పెద్ద సంతోషం నా జన్మలో లేదు. అప్పుడు వాడి కళ్ళు తివాచీ మీద పడ్డాయి. గులాబీ మచ్చ, చుట్టూ తడి, గుట్టగా తువ్వాళ్ళు, మామయ్య కోటు.

"ఇదేంటి?"

"నేనే" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది. "నాకే ఆగలేదు నాయనా. వయసు కదా. మీ అమ్మ కాదు, నేను."

వాడు నన్నూ కోటునీ మార్చి మార్చి చూశాడు. నమ్మాడో లేదో ఇప్పటికీ తెలియదు. వదిన అప్పుడే వాడిని కొత్తగా చూసినట్టుంది. కుర్చీలో నిటారుగా సర్దుకుంది, చెదిరిన జుట్టు చెవి వెనక్కి తోసుకుంది.

"వచ్చారా, రండి" అంది. "ఇన్నేళ్ళకి గుర్తొచ్చామా మీకు?"

"అమ్మా, నేనే."

"మీ తివాచీ భద్రంగానే ఉంది. మా తమ్ముడు చూశాడు, అయ్యింది అన్నాడు. తీసుకెళ్ళండి."

వాడిని ఆవిడ పుట్టినప్పటి నుంచీ ఒరేయ్ అనే పిలిచింది. పెళ్ళి పందిట్లో కూడా ఒరేయ్ వెధవా అంది, అందరూ నవ్వారు. ఇప్పుడు మీరు అంటోంది. వాడి మొహం ఆ మీరు తగిలినచోట తగిలినట్టే ఆగిపోయింది. వాసన దాచొచ్చు. దీన్ని ఏ సీసాలో ముంచి దాచను? వాడు తల్లి చెయ్యి పట్టుకున్నాడు, ఆవిడ మర్యాదగా విడిపించుకుంది, కొట్టుకొచ్చిన మనిషి దగ్గర విడిపించుకున్నట్టు. తరవాత నా వైపు వేలు చూపించింది.

"దీన్ని కూడా తీసుకెళ్ళండి. తివాచీతో పాటే వస్తుంది, విడిగా ఇవ్వం. ముక్కు లేదు గానీ, చెయ్యి మంచిది."

ఇన్నేళ్ళలో ఆవిడ నోటి నుంచి నా గురించి ఒక్క మంచి మాట వినలేదు. వినాలని ఎంత ఉండేదో నాకే తెలియదు, వినేదాకా. ఇలా వింటాననుకోలేదు, ముక్కూ మొహం తెలియని పెద్దమనిషికి నన్ను అప్పజెబుతుండగా. వాడు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వీపు మాకు పెట్టి ఫోను తీశాడు. "అవునండీ, ఆమధ్య మాట్లాడింది నేనే… కాదండీ… ఒక మంచం కాదు, రెండు. ఒకే గదిలో ఉండాలి. లేకపోతే వద్దు" అన్నాడు. అవతల వినబడనట్టుంది, మళ్ళీ చెప్పాడు, "రెండండీ."

నేను బ్రష్షు తీసుకున్నాను. ఆరకముందే నూగు దువ్వాలి, లేకపోతే ఎటు పడితే అటు గట్టిపడిపోతుంది, మళ్ళీ మాట వినదు. ఒకే వైపుకి, మెల్లగా, అంచు నుంచి అంచుదాకా. ఆ మచ్చ మీద కూడా దువ్వాను. వదిన చూస్తూ కూర్చుంది.

మేమిద్దరం చేరిన ఈ ఇంటివాళ్ళు తివాచీ వద్దన్నారు, పాదాలు తట్టుకుంటాయని. వాడు వాళ్ళతో పోట్లాడి రెండు మంచాల మధ్య పరిపించాడు. ఇక్కడ వాసన వస్తే చెప్పడానికి నర్సులున్నారు, చెబుతారు, ముక్కు చిట్లించి మరీ చెబుతారు. నేను లేచి అద్దుతాను. రుద్దను. కిందటి వారం నుంచి వదిన నన్ను కూడా మీరు అంటోంది. మంచినీళ్ళిస్తే చాలా థ్యాంక్సండీ అంటోంది. సాయంత్రాలు ఆవిడ పాదాల దగ్గర కూర్చుని, నూగుకి ఎదురుగా వేలితో నా పేరు రాస్తాను, ఆవిడ పెట్టిన పేరే. చూస్తుంది. తప్పు రాసినా కొట్టదు. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇంకెవరూ లేరు కనుక కింద నేనే రాసుకుంటున్నాను.

ముక్కిడి.
డెబ్బై దాటింది, ఎంత దాటిందో లెక్క వదినకు తెలుసు.
ఆసుపత్రి వెనక ఇల్లు, కింది అంతస్తు, గోడవైపు మంచం. కిటికీవైపుది ఆవిడది.